నాడి చూడనిదే చుక్క వేయని మామ

మా కంపౌండర్ మామ మొన్న మంగళవారం పోయారు. కేతేపల్లిలో మా పక్కింటాయన. చుట్టం కాకపోయినా చిన్నప్పటి నుంచీ మామ అనే పిలిచాను. కబురు వినగానే ఏడుపుకంటే ముందు భయం వేసింది. ఇకమీదట మందుసీసా ముట్టుకుంటే నాకు అడ్డుచెప్పే మనిషి లేడు. ఆయన పోయిన దుఃఖంలోనూ నాకు నా భయమే ముందు, అలాంటిదాన్ని నేను.

మాది మగ్గం ఇల్లు. అమ్మకు గుండె ఒక వరస లేకుండా కొట్టుకునేది. మామ దవాఖాన నుంచి డిజిటాలిస్ చుక్కలు తెచ్చి, రోజూ పొద్దున జేబుగడియారం ముందు పెట్టుకుని నిమిషంపాటు నాడి లెక్కపెట్టేవారు. అరవైకి తగ్గితే ఆ పూట మందు లేదు.

"గుండె పైగదిల లొల్లి అయితాంది బిడ్డా. గా లొల్లంత కిందిగదికి దిగకుంట గీ మందు ఆపుతది. ఎక్కువైతే గుండెనే ఆపుతది" అన్నారు ఒకసారి. నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్లు లేరు.

నలభై ఎనిమిదిలో, పోలీసు చర్యకు ముందు దారుల్లో తుపాకులు పేలుతుంటే మామ దవాఖానలోనే చిక్కుబడ్డారు. చప్పుడు వినపడితే చాలు, అమ్మ గుండె పట్టుకునేది. దడ పెరిగిందనుకుని పది చుక్కలకు బదులు ఇరవై వేశాను. సాయంత్రం మళ్లీ వేశాను, రోజూ అలాగే. నాలుగోరోజు అమ్మ వాంతి చేసుకుని, తెల్లనూలు పసుపు రంగులో కనబడుతోందంది. వాడంతా కలిసి పచ్చకామెర్లని తేల్చేసింది. పసరు కోసం మనిషిని పంపించాం. చుక్కలు మాత్రం మానలేదు.

ఐదోరోజు పొద్దునే మామ పొలాల వెంట నడిచి వచ్చారు, మోకాళ్లదాకా బురదతో. అమ్మ కనురెప్ప ఎత్తి చూశారు. కన్ను తెల్లగానే ఉంది. సీసా వెలుగుకు పట్టి నా వైపు తిరిగారు.

"ఎన్ని ఏసినవ్?"

చెప్పాను. తిట్టలేదు. "కామెర్లు గావు, మందు ఎక్కువైతే గట్లనే పచ్చగ కానొస్తది. భయానికి కొట్టుకునే గుండెకు గీ మందు కాదు. మందు ఆపుడు గూడ మందే" అని సీసా జేబులో వేసుకున్నారు. నాడి నలభై రెండు. ఒంట్లో మందు తగ్గేదాకా కనిపెట్టుకుని ఉండడమే తప్ప చేయగలిగింది లేదన్నారు. గంటకోసారి లెక్కపెట్టారు. మర్నాడు నలభై నాలుగు, మళ్లీ నలభై రెండు. అమ్మ పోతే చంపింది నేనేనని అనుకుంటూ గుమ్మంలోనే కూర్చున్నాను.

మామ వచ్చిన మూడోనాడు మధ్యాహ్నం పెద్దరోడ్డు మీద మిలటరీ లారీలు వచ్చాయి. వాడంతా చూడ్డానికి పరుగెత్తింది. ఎవరో మామనూ పిలిచారు. ఆయన తల ఎత్తలేదు. వేళ్లు అమ్మ మణికట్టు మీద, చూపు గడియారం మీద. పెదవులు మాత్రమే కదులుతున్నాయి. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. సెకన్ల ముల్లు ఇంకా చుట్టు పూర్తి చేయలేదు.