మగ్గం గుంతలో పెదనాయన కాళ్లు

గద్వాలలో మా మగ్గం గది మిట్టమధ్యాహ్నం కూడా మసకగానే ఉండేది. నేలలో గుంత, గుంత అంచున పెదనాయన, గుంతలోకి వేలాడే ఆయన కాళ్లు. నడుము నుంచి కిందికి ఆయన ఎలా ఉంటాడో ఇంట్లో చాలామంది మరిచిపోయారు. చిన్నప్పుడు ఆ కాళ్లతో రెండు మూడు తన్నులు తిన్నవాణ్ణి కాబట్టి నాకు మాత్రం కొంచెం జ్ఞాపకం.

ఆయన వెనక గోడలో నున్నటి పల్లం ఒకటి ఉంది. మా తాత వీపు ఆని ఆని పడింది. పెదనాయన వీపు అందులో అచ్చు పోసినట్టు ఇమిడేది. ఊరికి కొత్తవాళ్లు గడప దగ్గర ఆగి, పోయిన ముసలాయన ఇంకా నేస్తున్నాడా అన్నట్టు చూసేవారు. అవ్వకు అది గర్వం. "నీ వీపు గూడ సరిపోతది తియ్యి" అని నన్ను చూసి అనేది. ఆనాటి నుంచి ఆమె ఎదుట నేను కొంచెం గూనిగా నడిచేవాణ్ణి.

మా ఇంట్లో ఒక మర్యాద ఉండేది. మగ్గం మీది మనిషిని లేపకూడదు. అన్నం, నీళ్లు, చుట్ట, అన్నీ గుంత దగ్గరికే వచ్చేవి. మంగలి కూడా అక్కడికే వచ్చి గడ్డం గీసి పోయేవాడు. ఎంత మంచి పనివాడైతే అంత తక్కువ లేవాలి. ఆ లెక్కన పెదనాయన వీధిలో అందరికంటే గొప్పవాడు. అది యుద్ధకాలం. నూలు ఎప్పుడో గాని దొరికేది కాదు. దొరికినప్పుడు ఆయన తెల్లవారి కూర్చుంటే దీపం పెట్టేదాకా కదిలేవాడు కాదు.

నడవడం ఆడవాళ్ల పని. వీధిలో వరుసగా కర్రలు పాతి, ఈ కొస నుంచి ఆ కొసకు పోగు లాగుతూ పడుగు సిద్ధం చేసేది మా పెద్దమ్మ. చీరకు కావలసిన నడకంతా ఆమె నడిచేది. కూర్చోవడమంతా ఆయన కూర్చునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. ఆ చప్పుడు మాకు ఊపిరి లాంటిది. ఉన్నప్పుడు వినపడదు. నేను గదిలోకి వెళ్లాను. పెదనాయన, అటూ ఇటూ పోగు తోసే నాడె చేతిలో పట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

"గుంతల ఎవరున్నరు రా?" అన్నాడు, చాలా మామూలుగా.

"నీ కాళ్లున్నయి పెదనాయనా."

"అవి గాదు. ఎవరో పట్టుకున్నరు."

అవ్వ అప్పటికే వెనక వచ్చి నిలబడింది. "మీ నాయిన వచ్చిండు" అంది. తాత కూడా ఇలాంటి మధ్యాహ్నమే, ఆ గోడకే ఆని, నాడె చేతిలో ఉండగానే పోయాడు. పెట్టిన అన్నం చల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. "గుంతలకెల్లి కాళ్లు రాలే. ఆరుగురు గుంజిన్రు" అంది అవ్వ.

"పోయిన ఉగాదికి నువ్వు చెప్పినప్పుడు నలుగురే గుంజిన్రు అవ్వా."

"నువ్వు నోరు మూసుకోని దిగు. సూడు."

దిగాను. బయట ఎండకు బండలు పగిలేటట్టుంటే, లోపల బావిలో ఉన్నంత చల్లగా ఉంది. కళ్లకు మసక అలవాటయ్యాక పెదనాయన పాదాలు కనిపించాయి. అవి నాకు తెలిసిన పాదాలు కావు. మడమ ఎక్కడ మొదలైందో, పిక్క ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. తాత పట్టుకుని ఉంటే ఆ చేతులు కనిపించాలి గదా అని నవ్వుతూ అనబోయి, బొటనవేలితో పిక్క మీద నొక్కాను. వేలు తీశాక కూడా నొక్కిన గుంట అలాగే ఉంది. మెత్తటి మట్టిలో నొక్కినట్టు. నేను చూస్తూనే ఉన్నాను, అది పూడలేదు.

"నొక్కిన, తెలిసిందా?"

"ఎప్పుడు?" అన్నాడు పైనుంచి.

ఒక్క పరాచికం కూడా ఆడకుండా పైకెక్కాను. అలా కావడం నా జీవితంలో అరుదు. ఇంట్లోవాళ్లు ఆ కాళ్లకంటే దానికే ఎక్కువ భయపడ్డారు.

సాయంత్రం హకీం సాబును పిలుచుకొచ్చాను. ఆయన గుంతలోకి వంగి, కాళ్లు పట్టి చూసి, అవ్వను ఒక్కటే అడిగాడు. "ముసలాయన పోయినప్పుడు ఆయన కాళ్లు ఎట్లుండె?"

"స్తంభాల లెక్క ఉబ్బి నల్లగైనయి."

హకీం సాబు కాళ్లు వదిలి లేచాడు. తర్వాత పెదనాయనతో అన్నాడు. "నిన్ను ఎవరు పట్టుకోలే. నువ్వు కూసుంటే నెత్తురు గూడ కూసుంటది. జానెడు నేస్తివా, లేచి వీధి చివరిదాకా పోయి రా. లేకుంటే మీ నాయిన పోయిన తీరునే పోతవు."

"కాళ్లతోని మగ్గం తొక్కుతనే ఉన్న గద సాబ్."

"కట్టేసిన ఎద్దు తోక గూడ ఊపుతది. దాన్ని నడిచిందంటమా?"

నాకా మాట చెప్పలేనంత నచ్చింది. నేనెందుకు అనలేకపోయానా అని రెండు రోజులు బాధపడ్డాను.

అవ్వ ఒప్పుకోలేదు. మధ్యలో లేస్తే మగ్గం అలుగుతుందట. "మగ్గం అలిగితే నేను బతిమాలుకుంట. పెదనాయన అలిగితే నలుగురు మోయాలె" అన్నాను. అవ్వ నన్ను కొట్టడానికి చేతికి దొరికింది వెతికింది గాని, ఆయన్ను లెమ్మనలేదు. ఆయనా లేవలేదు. పనితనం ఉన్నవాడు వీధిలో తిరగడమేమిటి అన్నాడు. గుంతలో వేపాకు పరిచారు, అంచున ఇనుప మేకు కొట్టారు. తాత మేకుకు భయపడే మనిషి కాడని నాకు తెలుసు, అయినా ఊరుకున్నాను.

మూడోనాడు మధ్యాహ్నం చప్పుడు మళ్లీ ఆగింది. ఈసారి పెదనాయన ఎవరని అడగలేదు. ముఖం చెమటతో మెరుస్తోంది. "మోకాళ్లదాంక వచ్చిండు" అన్నాడు.

వీధిలోంచి పెద్దమ్మ వచ్చింది. చేతిలో నూలు కండె. గుంత వైపు చూడనైనా లేదు.

"లెవ్వు. పోగు పట్టెటోళ్లు లేరు."

"అది ఆడోళ్ల పని."

"నాకు కాళ్లు గుంజుతున్నయి. నూలు ఎండల పడున్నది. లేస్తవా, పాడు చేస్తవా?"

ఆమె కాళ్లు ఎన్నడూ గుంజలేదు. పెదనాయనకు ఆ సంగతి తెలుసో తెలియదో గాని, నూలు పాడవుతుందంటే మాత్రం ఆయన ఆగలేడు. నేను గుంతలోకి దిగి ఒక్కొక్క కాలు రెండు చేతులతో ఎత్తాను. తడిసిన దుంగలంత బరువు. పైనుంచి పెద్దమ్మ లాగింది. ఆరుగురు అక్కర్లేదు, ఇద్దరం సరిపోయాం.

వీధిలో ఒక్క నీడ లేదు. పెదనాయన నా భుజం పట్టుకుని, గంజి ధూళితో తెల్లబడిన తలతో, ఒక్కో అడుగు ఈడ్చుకుంటూ కర్రల వరుస దగ్గరికి వచ్చాడు. ఎదురింటి తలుపు చప్పుడు చేయకుండా మూసుకుంది. ఆ పక్కది కూడా. మూడో ఇంటి ముసలమ్మ మాత్రం తలుపు సందులోంచి అడిగింది.

"నువ్వా? మీ నాయినా?"

"ఇంకా నేనే వదినా" అన్నాడు పెదనాయన.

ఒక కొస నుంచి ఇంకో కొసకు రెండుసార్లు పోయి వచ్చాం. తన పాదాలు నేలకు తగులుతున్నాయో లేదో కిందికి చూసుకుంటే తప్ప ఆయనకు తెలియడం లేదు. మూడోసారి సగం దూరంలో నా భుజాన్ని నలిపేసినంత గట్టిగా పట్టుకున్నాడు.

"ముండ్లు గుచ్చుతున్నయి. ఎండకు బండ కాలుతున్నది."

పెద్దమ్మ ముందు నడుస్తోంది. పోగు ఆమె చేతిలోంచి ఆయన చేతిలోకి సాగుతోంది.

"జర మెల్లగ నడువు" అన్నాడు.

ఆమె ఆగలేదు, వెనక్కి చూడలేదు. ఆయన నా భుజం వదిలి, పోగు తెగకుండా ఆమె వెనకే అడుగు వేశాడు.