పెట్టెలో ఇరవై కిలోమీటర్లు

ఆదెప్ప చేతిలో పడ్డ తీగ ఏదీ వదులుగా ఉండేది కాదు. పుంగనూరు చుట్టుపక్కల ఇరవై ఏళ్లు టెలిఫోన్ స్తంభాలెక్కి నేర్చిన విద్య అది. మూరెడు మిగిలినా కోసి ఇంటికి పట్టుకుపోయేవాడు. అతని వీధిలో చీరలన్నీ టెలిఫోన్ తీగల మీదే ఆరేవి.

2005లో ఓ కంపెనీ మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న ఫైబర్ లైను వేగం పెంచింది. పుంగనూరు స్టేషన్ చూసుకోవడానికి ఆదెప్పను ఆరు నెలల కాంట్రాక్టు మీద పెట్టుకుంది. ఇంజనీరు నీరజ అతని పని బాగుందని రాస్తే ఉద్యోగం పర్మనెంటు. యాభై దాటిన మోకాళ్లతో మళ్లీ స్తంభాలెక్కలేడు గనుక ఆ ఉద్యోగం మీదే ప్రాణం పెట్టుకున్నాడు.

స్టేషన్‌లో ఓ పెట్టె ఉంది. దాన్నిండా వెలుగును మోసే గాజు తీగ, ఇరవై కిలోమీటర్ల ఫైబర్ చుట్టి పెట్టారు. మదనపల్లె నుంచి వచ్చిన వెలుగు అందులో తిరిగి తిరిగి గాని కుప్పం బాట పట్టదు. ఇంత తీగ ఊరికే చుట్టి పెట్టారే అని ఆదెప్పకు కడుపు మండేది. ఓ శనివారం పొద్దున, తన పనితనం చూపిద్దామని పెట్టెను తప్పించి లైను నేరుగా కలిపేశాడు. మీటరు పెడితే వెలుగు ముందుకన్నా బలంగా ఉంది. మీసం దువ్వుకున్నాడు.

పది నిమిషాలకు కుప్పం లైను పడిపోయిందని కబురొచ్చింది. తప్పు కుప్పంలోనే ఉంటుందని ఆదెప్ప కదల్లేదు. మదనపల్లె నుంచి జీపులో వచ్చిన నీరజ నేరుగా పెట్టె దగ్గరికి పోయింది.

"దీన్ని ఎవురు ఊడదీసిరన్నా?"

"ఎలుకమ్మా."

"కొసలు తుడిచి, దుమ్ము పడకుండా క్యాపులు కూడా పెట్టి పోయిందా?"

ఆమె పెట్టెను మళ్లీ కలపగానే లైను లేచి కూర్చుంది.

"మీటర్లో వెలుగు బలంగానే ఉండె గదమ్మా," అన్నాడు ఉండబట్టలేక.

"గట్టిగా అరిస్తే మాట అర్థమైపోతాదా? వెలుగులో రంగులుండాయన్నా, మందలో ఆవుల మాదిరి. ఒక్కో మాటా ఒక్కో మంద. ఒకేసారి బయల్దేరినా కొన్ని ముందు పోతాయి, కొన్ని ఎనకబడతాయి. దూరం పోయేకొద్దీ ఎనకొచ్చే మందలో కలిసిపోతే ఏది ఎవురిదో తెలీదు. ఈ పెట్టెలో ముందు పోయినవి నిదానిస్తాయి, ఎనకబడినవి అందుకుంటాయి. మంద మళ్లీ ఒకటైతాది."

చెబుతూనే ఆమె అతని పని మీద రాయాల్సిన రిపోర్టు కాగితం తీసింది.

"ఈడ ఎలుకలుండాయని రాస్తాండా. రాస్తే కంపెనీ ఏమంటాదో తెలుసునా? మనిషెందుకు, పిల్లిని పెట్టుకోమంటాది."

ఆదెప్పకు నవ్వు రాలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"రాయొద్దమ్మా. ఆ ఎలుక నేనే."

"ఈ మాట కోసమే సూస్తాండా," అంటూ నీరజ కాగితం అడుగున, పర్మనెంటు చేయవచ్చునన్న చోట సంతకం పెట్టింది.