జాకీ కింద సన్నికల్లు

నేను కాపురానికి వచ్చేనాటికే ఆ పికప్పు వ్యాను ముసలిది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేస్తే మా మావగారు పాడుకున్నారట. ఆయన పోయాక మా ఆయన నడిపేవారు. దివిసీమలో అరటిగెలలు ఎత్తించి గుడివాడ మార్కెట్టుకు తోలడం, అదే మా జీవనం.

ఉప్పెన వచ్చిన రోజు బండి ఏదో మరమ్మతుకొచ్చి అవనిగడ్డ అవతల ఆగిపోయింది. దాన్ని అక్కడే వదిలేసి మా ఆయన బస్సెక్కి చల్లపల్లిలో మా ఇంటికి వచ్చేశారు. అందుకే మిగిలారు. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే బండి వరిచేలో ఒరిగిపోయి, బానెట్టు దాకా సముద్రపు బురదలో కూరుకుపోయి ఉంది. ఎడ్లను కట్టి బయటికి లాగించి, ఎవరిదో లారీ వెనక తగిలించి మా దొడ్లోకి తెచ్చారు.

"ఉప్పునీళ్ళు తాగిన ఇనుమురా అది. ఇక దాని జోలికి పోకు" అంది అత్తయ్య.

ఆయన వినలేదు. వేరే బండి కొనే స్తోమత మాకెక్కడిది? బందరులో పాత బండ్లు విప్పే సాయిబుగారి దగ్గర రేడియేటరు దొరికింది. కల్వర్టు మీంచి పడిన లారీ నుంచి స్టీరింగు, గుడివాడ పాత ఇనప కొట్లలో బ్రేకు డ్రమ్ములు. ఇంజనంతా విప్పి పరిస్తే ఒక్కో బోల్టునీ కిరసనాయిల్లో నానేసి తోమడం నా వంతు. ఎంత సబ్బు రుద్దినా చేతుల వాసన పోయేది కాదు. "అన్నం నేను వడ్డిస్తాలే, నువ్వు ఆ కుండలో చెయ్యి పెట్టకు" అనేది అత్తయ్య.

వానలు మొదలయ్యాయి. ముందు చక్రాలు తీసేసి, ఇరుసు కింద ఇటుకలు పేర్చి బండిని నిలబెట్టారు. ఆ ఇటుకలూ ఉప్పెనలో కూలిన గోడవే. ఆ మధ్యాహ్నం ఆయన కింద పడుకుని బ్రేకు పైపు బిగిస్తున్నారు. నేను పానాలు అందిస్తున్నాను. చిన్న పానా ఇమ్మంటే వెతకడానికి వెనక్కి తిరిగాను. గుల్లగా ఏదో నలిగిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి బండి ముందుభాగం ఒక పక్కకు దిగిపోయి ఉంది. ఇటుకలు రవ్వలా పొడైపోయాయి.

ఆయన కేక వెయ్యలేదు. కాళ్ళు మాత్రం బురదను తన్నుతున్నాయి. వంగి చూస్తే ఛాసిస్ ఛాతీ మీద ఆనుకుని ఉంది. కళ్ళు నన్నే చూస్తున్నాయి. పెదాలు కదిలాయి.

"జాకీ..."

జాకీ అరుగు మీద ఉంది. తెచ్చి బంపరు దగ్గర నిలిపి కడ్డీ తిప్పాను. బండి లేవలేదు. జాకీయే మెత్తటి నేలలోకి దిగిపోతోంది. తీసి పక్కన పెట్టాను, అక్కడా అంతే. "అత్తయ్యా!" అని నేను పెట్టిన కేక నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ వచ్చి ఒక్క చూపు చూసి మళ్ళీ లోపలికి పరిగెత్తింది. ఎక్కడికి పోతోందో అర్థంకాక నాకు ఏడుపొచ్చింది. మరుక్షణం వంటింట్లోంచి సన్నికల్లు పొట్టకు హత్తుకుని వచ్చింది. దాన్ని నేనెప్పుడూ ఒక్కదాన్నే ఎత్తలేదు.

"దీని మీద పెట్టు అమ్మాయ్!"

ఈసారి జాకీ దిగలేదు. తిప్పుతున్నకొద్దీ ఇనుము మూలుగుతోంది. జాకీ తల జారితే ఇంతే సంగతులని తెలుసు. త్వరగా తిప్పాలని ఉంది, చెయ్యి భయంతో మెల్లగా తిరుగుతోంది. "ఇంకొంచెం... ఇంకొంచెం" అంటోంది అత్తయ్య. చివరికి ఆయన గొంతులోంచి పెద్దగా గాలి పీల్చిన చప్పుడు వినబడింది. ఇద్దరం చెరో కాలూ పట్టుకుని ఈడ్చేశాం.

పక్కింటివాళ్ళు కారు మాట్లాడి బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పక్కటెముకలు విరిగాయి, ప్రాణానికేం భయం లేదన్నారు.

ఇంటికొచ్చాక ఆయన మంచం మీంచి దొడ్డివైపు చూసేవారు కాదు. ఒకరోజు అన్నారు, "అమ్మేద్దాం. లేచి తిరగగలను గానీ, దాని కిందికి మాత్రం మళ్ళీ వెళ్ళలేను."

ఎందుకన్నానో తెలియదు గానీ, "నేను వెళ్తాను. మీరు పక్కన కూర్చుని చెప్పండి" అన్నాను.

"నీకేమన్నా మతి పోయిందా?"

అత్తయ్య కూడా అదే అంటుందనుకున్నాను. ఆవిడ మాత్రం, "ఇటుకలు వద్దు. దుంగలు తెప్పించు" అంది.

గుడివాడ నుంచి రైలుపట్టాల కింద వాడిన పాత దుంగలు తెప్పించాం. వాటి మీద బండిని నిలిపాక అత్తయ్య తన బరువంతా వేసి నాలుగువైపులా ఊపి చూసింది. అప్పుడు నేను చీర కుచ్చిళ్ళు బిగించి కిందికి దూరాను. ముక్కుకు జానెడు దూరంలో ఆ నల్లటి ఛాసిస్. దాని మీద ఆయన చొక్కా పీలిక ఇంకా అతుక్కుని ఉంది. "ఎడమ చేతివైపు బ్రేకు పైపు దొరికిందా? మర ఎక్కుతోందా?" అని బయటినుంచి ఆయన అడిగారు. ఎక్కుతోందన్నాను. మర పూర్తిగా బిగిశాక కూడా పానా వదలడానికి వేళ్ళు రాలేదు.

దసరా వెళ్ళాక బండి స్టార్టయింది. మొదటి లోడు గుడివాడకి. ఆయన నడుపుతుంటే పక్కన నేను కూర్చున్నాను. పామర్రులో సైకిలు మీద ఒకాయన హఠాత్తుగా అడ్డం వచ్చాడు. మా ఆయన బ్రేకు తొక్కారు. వెనక గెలలన్నీ ముందుకు దొర్లాయి. బండి ఆగింది. సైకిలాయన మమ్మల్ని నాలుగు తిట్టి వెళ్ళిపోయాడు.

మా ఆయన ఇంజను ఆపేసి, స్టీరింగు మీద తల ఆనించారు. తర్వాత దిగి పక్క కొట్లో రెండు సోడాలు తెచ్చి, నాకొకటి ఇచ్చారు.

"బాగానే బిగించావే" అన్నారు.

మార్కెట్టుకు ఆలస్యంగా చేరాం. అక్కడివాళ్ళు నలిగిన గెలలు పక్కకు తీసేసి, మిగిలినవి దించుకున్నారు.