ఊదిన తరువాతే గంప

2022లో నేను నెల్లూరు తీరంలోని ఒక చిన్న స్టేషన్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్‌ని. వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగిన కొద్ది రోజులకే, చేపల గంపలతో నెల్లూరు వెళ్తున్న ఆటో ఒకటి కాలువలో బోల్తా పడింది. చేపలమ్ముకునే కోటమ్మకు కాలు విరిగింది. డ్రైవర్ తాగి ఉన్నాడు.

ఇలాంటివాళ్లను పట్టుకోవడానికి మా దగ్గర బ్రెత్ అనలైజర్ ఉంటుంది. గొట్టంలోకి ఊదితే ఒంట్లో మద్యం ఎంత ఉందో అంకె చూపిస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాములు దాటితే కేసు. అప్పటిదాకా సాయంత్రాలు బీచ్‌కి వచ్చే కార్లను ఆపి ఊదించేవాళ్లం. ఆటో పడింది పొద్దున కదా అని తనిఖీని పొద్దుటికి మార్చాను.

మొదటి రోజే ఇంకో గంపల ఆటో డ్రైవర్ పెంచలయ్య దొరికాడు. మనిషి తూలడం లేదు, మాట తడబడటం లేదు. తల ఇంకా తడిగా ఉంది.

"రాత్రి తాగిన మాట నిజమే సార్. నిద్రపోయి లేచినా, చన్నీళ్లు పోసుకున్నా, చెంబుడు మజ్జిగ తాగినా. ఇంకేడుంటాది?"

ఉంది. అంకె పరిమితికి రెట్టింపు చూపించింది. స్నానానికి వాసన తగ్గుతుందేమో గానీ మద్యం పోదు, అది దిగడానికి ఒంటికి గంటలు పడుతుంది. తెల్లారితే అంతా సరే అనుకుని బండి తీసేవాళ్లు మన దగ్గర కొల్లలు.

కేసు రాసి ఆటో స్వాధీనం చేసుకున్నాను. అందులోని ఆడవాళ్లు గంపలతో సహా రోడ్డున పడ్డారు. నీళ్లు కారే గంపల్ని బస్సులో ఎక్కించుకోరు, మామూలు ఆటోలు వాసనకు ఆగవు, చేప మెత్తబడితే కొనేవాళ్లుండరు. ఆ రోజు వాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాసేవి కావు.

మర్నాటి నుంచి ఒక్క గంపల ఆటో మా ముందుకు రాలేదు. అన్నీ రొయ్యల గుంటల గట్ల మీదుగా తిరిగిపోతున్నాయి. మేం ఎక్కడున్నామో డ్రైవర్లకు ఫోన్‌లో చెబుతున్నది ఆ ఆడవాళ్లే. నాకు ఒళ్లు మండి నేరుగా పడవల ఒడ్డుకే వెళ్లాను. పెంచలయ్య భార్య రమణమ్మ అక్కడ గంప సర్దుకుంటోంది.

"కోటమ్మ కాలు చూసి కూడా తాగినోడి ఆటో ఎక్కుతారా?" అని అడిగాను.

"భయం లేక కాదు సారూ. మీరు దోవలో ఆపితే మా బేరం పోతాది. ఆపేదేదో ఈడ్నే ఆపండి, గంప ఎక్కకముందే. ఒకడు కాకుంటే ఇంకొకడి ఆటో చూసుకుంటాం."

నా కోపం అక్కడితో దిగింది. నిండు గంపను ఒక్కరే లేపలేరు, పక్కామె చెయ్యి వేయాల్సిందే. దాని మీదే కట్టుబాటు పెట్టమని రమణమ్మ ఊరి పెద్దల్ని అడిగింది. ఊరంతా కట్టుబడే నిషేధాన్ని అక్కడ దురాయి అంటారు. మిషన్‌లో ఊది నెగ్గని డ్రైవర్ ఆటోకు ఎవరూ గంప పట్టకూడదని దురాయి వేశారు. నేను మిషన్ ఇచ్చి ఒక కానిస్టేబుల్‌ను ఒడ్డున పెట్టాను.

పెంచలయ్య కోర్టులో జరిమానా కట్టి ఆటో విడిపించుకున్నాడు. కొన్ని వారాలకు, నేను ఒడ్డున ఉన్న రోజే, అతను ఊదితే మిషన్ కూసింది. ఆడవాళ్లంతా రమణమ్మ వైపు చూశారు. ఆమె సడలితే ఆ పూటతో దురాయి పోయినట్టే.

"నీ గంపన్నా ఎక్కించు రమణా. ఇంటి సంగతి నీకు తెలవదా?" అన్నాడు.

"తెలుసు. నువ్వు కాలవలో పడితే ఆ ఇల్లు ఏమైతాదో కూడా తెలుసు."

పక్కామెను చెయ్యి వేయమని తన గంపను వేరే ఆటోలో పెట్టించింది. ఎక్కి కూర్చున్నాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెంచలయ్య ఖాళీ ఆటో పక్కన ఇసుకలో కూలబడ్డాడు. ఆమెను చూసి నాకు గర్వమూ జాలీ రెండూ కలిగాయి.

తనిఖీ ఎక్కడ పెట్టాలని కొత్త ఎస్ఐలు అడిగితే, ముందు ఆ బండి ఎక్కేవాళ్లతో మాట్లాడమంటాను. పెంచలయ్య తాగుడు మానేశాడని అబద్ధం చెప్పను. ఆ మధ్య రమణమ్మ కనిపించినప్పుడు అడిగాను. తాగాలనిపించిన రోజు సాయంత్రమే ఆటో తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెడుతున్నాడట.