పత్తికట్టె పీకే పనిముట్టు

మా ఇంజినీరింగ్ కాలేజీ జనగామ దాటాక హైవే పక్కన ఉండేది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. బందు లేని రోజు ధర్నా ఉండేది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు మేం ముగ్గురం. నేను జఫర్‌గఢ్ వైపు భూములున్న ఇంటివాణ్ణి. రెండోవాడిది భూపాలపల్లి, వాళ్ళ బాపు బొగ్గుబాయిలో ఫిట్టరు. మూడో మనిషి మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన అమ్మాయి. మార్కుల్లో ఎప్పుడూ మా ఇద్దరికంటే పైన ఉండేది. అది నాకు గిట్టేది కాదు.

ముందు ఇరవై ఆలోచనలు రాయమన్నారు మా సారు. రాసేటప్పుడు ఎవరి ఆలోచననూ బాగాలేదనకూడదు, నవ్వకూడదు. అన్నీ రాశాక, పనికొస్తుందా, మనం చేయగలమా, కొత్తదా అని చూసి ఒక్కోదానికి మార్కులు వేయాలి. ఎక్కువ వచ్చినది చేయాలి.

ఒక బందు రోజు ఖాళీ డ్రాయింగ్ హాల్లో కూర్చున్నాం. నోటుబుక్కు నా చేతిలో ఉంది. నేను సోలార్ సైకిలు అన్నాను. భూపాలపల్లి మావాడు గనిలో గ్యాసును పసిగట్టే టోపీ అన్నాడు. ఇలా పది దాకా అయ్యాక ఆ అమ్మాయి నోరు విప్పింది.

"పత్తి ఏరుడు అయినంక చేన్ల మిగిలిన కట్టె పీకాలె గద. ఎండిన భూమిల వంగి పీకుతుంటె నడుము పోతది, చేతులు బొబ్బలెక్కుతయి. నిలబడి పీకేటట్టు ఒక పనిముట్టు చేద్దాం."

నమ్మరేమోనని అరచేతులు చాపి చూపించింది. సెలవుల్లో తనూ ఆ పనికి పోయేదట.

"గివి ఇంజినీరు చేతులా, కూలి చేతులా?" అన్నాను. మావాడు నవ్వాడు. అంతటితో ఆగలేదు. పనిముట్టు వస్తే మీ అమ్మకు కూలి ఎవరిస్తారని అడిగాను. అంతలో ఆమెకు ఇంటి నుంచి ఫోను వచ్చింది. తమ ఇంటి లంబాడీ భాషలో మాట్లాడింది. ఆమె ఫోను పెట్టేయగానే ఆ మాటలను వంకర గొంతుతో తిరిగి పలికాను. సినిమాల్లో మన యాసను వెక్కిరిస్తున్నారని ఆ పొద్దునే గేటు ముందు దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని అరిచినవాణ్ణి నేనే.

మార్కులు కూడితే ఆమె ఆలోచనే పైకి వచ్చింది. ఆమె నీళ్ళు తాగడానికి పోయినప్పుడు దానికి వేసిన తొమ్మిదిని ఆరు చేశాను. సోలార్ సైకిలు గెలిచింది.

సారు దాన్ని ఒక్క చూపుతో కొట్టేశారు. అది ఇంటర్నెట్ నుంచి దించిందన్నారు. తనే పేజీలు తిరగేసి పత్తికట్టె దగ్గర ఆగారు. ఇది ఎవరిదని అడిగారు.

"నాది సార్," అన్నాను.

అయితే ఇదే చేయండన్నారు సారు. మావాడు తల దించుకున్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. బయటికి వచ్చాక, "నువ్వు ఒక్క కట్టెనన్న పీకినవా?" అని అడిగింది. మాకు పీకేవాళ్ళు ఉన్నారన్నాను.

అప్పుడు గనుల్లో సమ్మె. మావాడి బాపు క్వార్టర్‌లో ఖాళీగా ఉన్నాడు. మేమిద్దరం భూపాలపల్లి పోతే పాత పైపుకు ఇనుప పట్టు అతికించి రెండు రోజుల్లో పనిముట్టు చేసిచ్చాడు. పట్టు ఎంత ఎత్తున ఉండాలని ఆయన అడిగితే ఊహ మీద గీసి ఇచ్చాను. ఆ అమ్మాయిని మేం పిలవలేదు.

కాలేజీ వెనక చేనులో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు పరీక్ష జరిగింది. పనిముట్టు కట్టెను పీకలేదు, విరిచింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మొదళ్ళు భూమిలోనే ఉండిపోయాయి. లోపం ఎక్కడుందో నువ్వు చెప్పమ్మా అని ఆయన ఆ అమ్మాయిని అడిగారు. ఆమె వంగి ఒక కట్టెను కిందికి పట్టుకుంది. అటొకసారి, ఇటొకసారి ఊపి, అప్పుడు లేపింది. వేరుతో సహా వచ్చింది.

"పనిముట్టు సంగతి నాకు తెల్వది సార్. ఆలోచన ఆయనది," అంది నన్ను చూపిస్తూ.

నిజం చెప్పడానికి నాకు అదే అదను. నేను చెప్పింది వేరు. ఈమె పనిలో పాలుపంచుకోలేదని, భూపాలపల్లికి ఒక్కరోజు కూడా రాలేదని చెప్పాను. ఎగ్జామినర్ కాగితం మీద ఏదో రాసుకున్నారు. ముగ్గురిలో ఆమెకే తక్కువ మార్కులు పడ్డాయి. నాలుగేళ్ళు నిలబెట్టుకున్న మొదటి స్థానం ఆ మార్కులతో పోయింది. ఆమె ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. సర్టిఫికెట్లు తీసుకునే రోజు వాళ్ళమ్మతో వచ్చి, నన్ను దాటుకుని పోయింది.

మావాడు ఇంట్లో అంతా చెప్పాడట. ఇక నన్ను వాళ్ళ క్వార్టర్‌కు తీసుకురావద్దని వాళ్ళ బాపు అన్నాడని కబురు చేశాడు. ఆ తర్వాత వాడు కూడా మాట్లాడలేదు.

తరువాతి ఏడు ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో నా ప్రాజెక్టు గురించి అడిగారు. కట్టెను ముందు పక్కలకు ఊపి తర్వాత లేపాలని, మొదట చేసిన దాంట్లో ఆ లోపాన్ని నేనే కనిపెట్టానని చెప్పాను. చేనులో పని చేసిన అనుభవం ఉన్నట్టుందని మెచ్చుకున్నారు. ఉందన్నాను. ఉద్యోగం ఇచ్చారు.