నానిన వడ్లకు కరెంటు

మొన్న బస్సులో కోదాడ పోతూ, ఫోన్లోంచి తలెత్తి చూస్తే, సూర్యాపేటలో మా పాత ఆఫీసు ఉన్న మేడ మీద జిమ్ బోర్డు కనిపించింది. మొదటి ఉద్యోగం చిన్న ఊళ్లో చేసినవాళ్లకు ఆ గుబులు తెలుస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులు కొన్ని మా ఆఫీసు ద్వారా బయటి మార్కెట్లో కరెంటు కొనుక్కునేవి. రేపు ఏ వేళకు ఎంత కావాలో ఈరోజు మధ్యాహ్నం పన్నెండులోపు మా సిస్టమ్ నుంచి పంపాలి, గడువు దాటితే ఇక అంతే. అంచనా కంప్యూటరే వేసేది, కానీ మిల్లువాళ్లు నోటితో సరే అంటే తప్ప బటన్ నొక్కకూడదని ఆఫీసు పద్ధతి. ఒక్క మెసేజ్‌తో తేలే పనికి ఇంత మాటలెందుకని హైదరాబాద్‌లో పెరిగిన నాకు ఒళ్లు మండేది. నాకు పని నేర్పిన, కోదాడ పక్క చిలుకూరు నుంచి వచ్చే అక్క మాత్రం పిల్లల జ్వరాలు, వడ్ల తేమ అన్నీ అడిగాకే కరెంటు సంగతి ఎత్తేది. "ఫోన్ల మొకం పెట్టుడు కాదు పిల్లా, ఫోన్ల మాట్లాడుడు నేర్సుకో" అని నన్ను ఆటపట్టించేది.

ఆ ఎండాకాలం కొరత ఉందని మిల్లులకు మామూలు కరెంటు కోసేశారు, కొన్నదే దిక్కు. ఒకరోజు గడువు దగ్గరపడుతున్నా ఒక మిల్లు నుంచి మాట రాలేదు. వాళ్ల తొట్లలో వడ్లు నానుతున్నాయి. మర్నాడు ఉడకబెట్టకపోతే పులిసిపోతాయి, ఆ బియ్యం ఎవరూ ముట్టరు. చివరికి ఫోనెత్తగానే అరిచేశాను. అవతల ఏడుపులు. మిల్లు పెట్టిన పెద్దాయన ఆ తెల్లారుజామున పోయాడట, కూతురు రావాలని మర్నాటిదాకా ఉంచుతారట.

"ఇంట్ల పీనుగను పెట్టుకొని మిషన్ తిప్పుతమా? కరెంటొద్దు, ఏమొద్దు" అని కొడుకు ఫోన్ పెట్టేశాడు. ఇంట్లో చావైతే మిల్లు ఆగడం అక్కడి ఆనవాయితీ.

ఆ మిల్లుకు రేపటి కరెంటు సున్నా అని కొట్టబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. మళ్లీ ఫోన్ చేసి పెద్దాయన భార్యను పిలిపించి, ముందు ఆమెతో కలిసి ఏడ్చి, నేను గడియారం చూస్తూ చచ్చిపోతుంటే అప్పుడు మెల్లగా, "అమ్మా, తొట్లల్ల వడ్లున్నయి. ఏం జెయ్యమంటవ్?" అంది.

అవతల ఆమె ముక్కు చీదుకుంది.

"నానిన వడ్లను ఇడిసి ఆయన పెండ్లిళ్లకు గూడ పోలె బిడ్డా. ఇప్పుడెట్ల పోతడు? కొనుండ్రి. నా కొడుక్కు నేను జెప్త."

గడువులోపే పంపాం. మర్నాడు పొద్దున, పెద్దాయనను తీసుకెళ్లే వేళకు, ఆ మిల్లు కరెంటు వాడకం చూపే గీత స్క్రీన్ మీద నెమ్మదిగా పైకి లేచింది. అక్క కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది. ఆమె పక్కన నేనూ నిలబడ్డాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో నాది అదే పని, మిల్లులే ఎక్కువ. ప్రోగ్రామే లెక్కవేసి, ప్రోగ్రామే పంపేస్తుంది. తప్పులు తగ్గాయి, కాదనను. అప్పుడప్పుడు ఏదో ఒక మిల్లు గీత ఒకరోజంతా నేలకు పడి, మర్నాడు మళ్లీ లేస్తుంది. ఆ ఇంట్లో ఏమైందని అడగడానికి నా దగ్గర నంబరు కూడా ఉండదు.