పెద్దమ్మ చూసిన యుద్ధం సినిమా

మాది చర్చి కుటుంబం. సినిమా అంటే పాపం. అందుకే నేను దొంగచాటుగా బోలెడు చూశాను, ముఖ్యంగా యుద్ధం సినిమాలు. చూసొచ్చి తిట్టడం నాకో సరదా. మంచులో రోజుల తరబడి పాకిన హీరోకి గడ్డం మాయదేం? తూటా తగిలినవాడు అన్ని డైలాగులు ఎలా చెప్తాడు? మా అక్క భర్త సైన్యంలో రిటైరై ఉయ్యూరు వచ్చాక తనను కూడా ఈ గొడవలోకి లాగబోయాను. బావ "బూట్లు బాగున్నాయి" అని ఊరుకునేవాడు. నాకు ఒళ్లు మండేది.

అలాంటిది, పోయిన వేసవిలో మా పెద్దమ్మ తనను సినిమాకి తీసుకెళ్లమంది. ఆవిడ కొడుకు, బావ సైన్యంలో ఒకే కంపెనీలో ఉండేవారు. సరిహద్దులో అతను చనిపోయినప్పుడు బావ పక్కనే ఉన్నాడు. ఎవరడిగినా "బాధ పడలేదండీ" అనేవాడు తప్ప ఇంకో ముక్క చెప్పేవాడు కాదు. ఈ సినిమాలో యుద్ధం ఉన్నదున్నట్టు చూపించారని చర్చిలో ఎవరో పెద్దమ్మతో అన్నారట. డెబ్బై దాటాక ఆవిడ మొదటిసారి సినిమా హాల్లో అడుగుపెట్టింది.

విజయవాడలో మల్టీప్లెక్స్. బావ కూడా వచ్చాడు. తెరమీద హీరో ఛాతీనిండా తూటాలతో ఒరిగాడు. ఒరిగి, తల్లిని తలుచుకున్నాడు, దేశాన్ని తలుచుకున్నాడు, ఆకాశంకేసి చూసి దండం పెట్టాడు. వెనక ఈలలు, ముందు ఏడుపులు. నాకు నవ్వొచ్చింది. పక్కకి చూస్తే పెద్దమ్మ ఒక్క మాట కూడా వదలకుండా వింటోంది. సినిమా చావు అబద్ధమని మనకి చూడగా చూడగా తెలుస్తుంది. ఆవిడకి ఎవరు చెప్పారు?

బయటికొచ్చి, బస్టాండుకి ఆటో కోసం నిలబడ్డాం.

"అల్లుడుగారూ, తూటా తగిలాక అంతసేపు టైం ఉంటుందన్నమాట. మరి మావాడు ప్రార్థన చేసుకున్నాడా? ఇన్నాళ్లూ నాకదొక్కటే బెంగ" అంది పెద్దమ్మ.

చేసుకున్నాడని చెప్పెయ్ మహానుభావా అని మనసులోనే మొక్కాను. సినిమాల్లో నిజం ఏదీ అని ఊరంతా అరిచిన నేనే!

బావ దగ్గరికొచ్చిన ఆటోని పొమ్మని చెయ్యూపాడు.

"లేదండీ అత్తయ్యగారూ. అంత టైం ఎక్కడిది? టీ తాగుతున్నాం. మీరు చేపల పులుసులో ఉప్పెక్కువేస్తారని చెప్పి నవ్వుతున్నాడు. మాట మధ్యలోనే..."

"నవ్వుతున్నాడా?"

"అవునండీ."

"ఉప్పెక్కువా! పళ్లెం నాకేవాడు, వెధవ" అంది. అని, అంత జనంలో భోరుమంది. నాకైతే బావమీద చచ్చేంత కోపం వచ్చింది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు పదిమందిలో చెప్పుకునే సాక్ష్యాల వేళ, పెద్దమ్మ లేచి నిలబడింది.

"మా అబ్బాయి నా వంటని వెక్కిరిస్తూ, నవ్వుతూ పోయాడండీ. ప్రార్థన చేసుకోలేదు. చేసుకునేంత భయం వాడి దాకా రాలేదు. దేవునికి స్తోత్రం" అని కూర్చుంది.

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. మా బావ ఒక్కడే అన్నాడు, గొంతు పగిలేలా.